పసి ఊపిరితిత్తులు కడిగిన నీళ్లను పారబోయకండి

సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లలకు వైద్యం చేసే నిపుణులకు, బ్రాంకోస్కోపీ విభాగాలకు, ప్రయోగశాలల అధిపతులకు, ఈ పరిశోధనలకు నిధులిచ్చే సంస్థలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

సిస్టిక్ ఫైబ్రోసిస్ (కఫాన్ని చిక్కబరిచి ఊపిరితిత్తులను దెబ్బతీసే జన్యు జబ్బు) ఉన్న పిల్లల ఊపిరితిత్తులు సెలైన్‌తో కడిగి తీసే ద్రవాన్ని, అంటే లావేజ్‌ను, పారబోయకుండా సరిగా దాచండని ఇదివరకు విడివిడిగా పంపిన వినతులకు "అందింది" అన్న ముక్క తప్ప మరో జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం. మీ ఓపీల రద్దీ, మీ ల్యాబుల్లో మనుషుల కొరత మాకు తెలియనివి కావు. అయినా ఇక ఆగలేకపోతున్నాం. ఇక్కడ వాయిదా పడే ప్రతి ఏడాదీ ఎవరో ఒక పసిబిడ్డ ఊపిరితిత్తికి మళ్లీ తిరిగిరాని ఏడాది.

ముందు జరుగుతున్నదేమిటో చెబుతాం.

సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లల్లో చాలామంది మొదటి రెండు మూడేళ్లు చూడటానికి బాగానే ఉంటారు. దగ్గు ఉండదు, ఉన్నా జలుబు దగ్గులాగే ఉంటుంది. స్టెతస్కోపు పెడితే ఏమీ వినపడదు. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేద్దామంటే చెప్పినట్టు గట్టిగా, చివరిదాకా ఊదాలి. అది ఐదారేళ్లు వస్తే గానీ నమ్మదగ్గట్టుగా కుదరదు. కుదిరినా ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి కొలత) చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది. ఎందుకంటే జబ్బు చిన్న చిన్న నాళాల్లో, ఒకచోట ఉండి మరోచోట లేకుండా మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న భాగాల గాలి ఆ లోపాన్ని కప్పేస్తుంది.

లోపల కథ వేరు. ఆస్ట్రేలియాలో పెర్త్, మెల్‌బోర్న్ కేంద్రాల అరెస్ట్ సీఎఫ్ బృందం, నవజాత స్క్రీనింగ్‌లో బయటపడ్డ పిల్లలను మూడో నెల నుంచే సీటీ స్కాన్‌తో, బ్రాంకోస్కోపీతో (శ్వాసనాళాల్లోకి సన్నని కెమెరా గొట్టం దించి చూడటం) గమనిస్తూ వచ్చింది. వాళ్లు 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం మూడో నెలకే 29.3 శాతం పిల్లల్లో బ్రాంకియెక్టాసిస్ ఉంది, అంటే శ్వాసనాళాలు వెడల్పై గోడలు దెబ్బతిన్నాయి. మూడేళ్లకు అది 61.5 శాతానికి చేరింది. మూడో నెలలో ఊపిరితిత్తిని కడిగి తీసిన ద్రవంలో న్యూట్రోఫిల్ ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ (న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు విడిచేది) చురుగ్గా కనబడిన పిల్లల్లో, మూడేళ్ల వయసుకు ఆ దెబ్బ నిలిచిపోయే ఆడ్స్ (ఉండే, ఉండని అవకాశాల నిష్పత్తి) నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. అంటే సీటీలో స్పష్టంగా కనబడేసరికే జబ్బు కొంత దూరం నడిచేసింది. దాని అడుగులు అంతకు ముందే ద్రవంలో రసాయనాలుగా పడి ఉన్నాయి.

ఆ అడుగులేమిటో ఇప్పుడు చాలావరకు తెలుసు. ఈ జబ్బులో లోపం ఉండే సీఎఫ్‌టీఆర్ ప్రోటీన్ సరిగా పనిచేయకపోతే క్లోరైడ్, బైకార్బొనేట్ నాళాల పైపొరలోకి రావు. కఫం చిక్కబడి గోడకు అంటుకుంటుంది. ఇన్ఫెక్షన్ రాకముందే, సీటీలో మార్పు కనబడకముందే చిన్నపిల్లల నాళాల్లో మ్యూసిన్లు (కఫాన్ని చిక్కబరిచే ప్రోటీన్లు) పేరుకుంటాయని 2019లో తేలింది. ఆ చిక్కటి పొర కింద కణాలకు ఆక్సిజన్ అందదు. చచ్చిపోతున్న కణాలు ఇచ్చే సంకేతాలకు న్యూట్రోఫిల్స్ గుంపుగా వచ్చి పడతాయి. వాటిలోని మైలోపెరాక్సిడేజ్ హైపోక్లోరస్ ఆమ్లం తయారుచేస్తుంది. బ్లీచ్‌లో పనిచేసేది కూడా అదే. ఆ ఆమ్లం ప్రోటీన్లలోనూ, విడిగానూ ఉన్న మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మెథియోనిన్ సల్ఫాక్సైడ్‌గా మారుస్తుంది. కణాలను ఆక్సీకరణ నుంచి కాపాడే గ్లూటాథయోన్‌ను గ్లూటాథయోన్ సల్ఫోనమైడ్‌గా మారుస్తుంది. ఈ రెండోది ఈ ఆమ్లం పడిన చోటే ముఖ్యంగా పుడుతుంది కాబట్టి దాన్ని వేలిముద్ర అనుకోవచ్చు. పైగా గ్లూటాథయోన్‌ను నాళాల్లోకి పంపే దారుల్లో సీఎఫ్‌టీఆర్ కూడా ఒకటి. రక్షణ ఇచ్చే పదార్థం తక్కువ ఉన్న చోటే దాడి ఎక్కువ జరుగుతోందన్నమాట.

ఇవికాక, కణాల నుంచి బయటపడే ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే పదార్థం) విరిగి అడెనోసిన్, ఇనోసిన్, హైపోజాంథిన్ వరుసలో దిగుతుంది. ఆక్సిజన్ అందని చోట, న్యూట్రోఫిల్స్ కిక్కిరిసిన చోట లాక్టేట్ పెరుగుతుంది. సియాలిక్ ఆమ్లం కఫం మోతాదు చెబుతుంది. ఒక్కొక్కటి విడిగా చూస్తే సాధారణ పదార్థమే. కలిపి చూస్తే ఏ దశలో ఉన్నామో కొంత చెబుతాయి.

ఇంత తెలిసీ రోజువారీ పనిలో ఏమవుతోంది? పిల్లకు మత్తు ఇచ్చి, బ్రాంకోస్కోప్ దించి, సెలైన్ పోసి, ద్రవం తీసి కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపుతున్నారు. మిగిలింది చాలా చోట్ల సింక్‌లోకి పోతోంది. దాచిన చోట్ల కూడా చాలావరకు పనికిరాని విధంగా దాస్తున్నారు. దీనివల్ల నష్టపోతున్నది ఎవరో, మేము కోరుతున్నదేమిటో అంశాలవారీగా రాస్తున్నాం.

1. ద్రవం తీసే పద్ధతి ఒక్కటిగా ఉండాలి, రాతలో ఉండాలి.

ఇది మా అతి ముఖ్యమైన కోరిక. మత్తు ప్రమాదాన్ని, ఆ రాత్రి వచ్చే జ్వరాన్ని భరించేది బిడ్డ. తల్లిదండ్రులు సంతకం పెట్టేది "ఉపయోగం ఉంటుంది" అన్న నమ్మకంతో. ఆ నమూనాను చేజేతులా పాడుచేసే హక్కు ఎవరికీ లేదు.

20 కిలోల లోపు పిల్లలకు కిలోకు 3 మిల్లీలీటర్ల సెలైన్‌ను మూడు సమాన భాగాలుగా పోయడం, అంతకంటే బరువున్న వారికి 20 మిల్లీలీటర్ల భాగాలుగా పోయడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. మొదటి భాగంలో వచ్చేది ఎక్కువగా పెద్ద నాళాల ద్రవం, దాన్ని కల్చర్‌కు పంపాలి. రెండు, మూడు భాగాలను కలిపి కణాల లెక్కకు, రసాయనాలకు వాడాలి. పోసినదాంట్లో 40 శాతమైనా తిరిగి రాకపోతే ఆ సంగతి ఫారం మీద రాయాలి. ఏ లోబ్ (ఊపిరితిత్తి భాగం) కడిగారో, సెలైన్ ఎన్ని సెకన్లు లోపల ఉందో కూడా రాయాలి. ఈ రెండూ లేని ఫారాలే ఎక్కువ.

తీసిన వెంటనే ట్యూబును ఐసులో పెట్టాలి. తక్కువ వేగంతో తిప్పి కణాలను వేరుచేసి, పైన తేలిన ద్రవాన్ని చిన్న చిన్న వంతులుగా పోసి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. ఒకే పెద్ద ట్యూబులో పెడితే ప్రతి పరీక్షకూ మొత్తం కరిగించాలి. రెండు మూడుసార్లు కరిగి గడ్డకట్టిన నమూనాలో మెథియోనిన్ సల్ఫాక్సైడ్ పెరిగితే అది బిడ్డ ఊపిరితిత్తిలో పుట్టిందో ఫ్రీజర్‌లో పుట్టిందో ఎవరూ చెప్పలేరు. మంచు దానంతట అదే కరిగించుకునే ఇంటిరకం మైనస్ 20 ఫ్రీజర్ అయితే మరీ ప్రమాదం, రోజూ కొంచెం వేడెక్కి మళ్లీ చల్లబడుతుంది.

అన్ని పరీక్షలకూ ఒకటే ట్యూబు సరిపోదు. గ్లూటాథయోన్ కొలవాలంటే తీసిన నిమిషాల్లోనే ఎన్-ఇథైల్‌మలీమైడ్ అనే రసాయనం కలిపి దాన్ని కట్టేయాలి, లేకపోతే గాలికే ఆక్సీకరణ చెందుతుంది. ప్యూరిన్లకు (పైన చెప్పిన అడెనోసిన్ వరుస పదార్థాలకు) ఎంజైములను ఆపే ఈడీటీఏ లాంటిది కావాలి, ఎందుకంటే ట్యూబులో ఉన్న ఎంజైములు పని ఆపవు. ఎలాస్టేజ్ చురుకుదనం కొలిచే ట్యూబులో మాత్రం ప్రోటియేజ్ నిరోధకం (ఎలాస్టేజ్ లాంటి ఎంజైములను ఆపే పదార్థం) అసలు వేయకూడదు. వేస్తే ఫలితం సున్నా వస్తుంది, అందరూ సంతోషిస్తారు.

ఇంకో రెండు సంగతులు. స్వరపేటిక మీద చల్లే లిడొకెయిన్ అనే మొద్దుబార్చే మందు, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువుల బరువును బట్టి పదార్థాలను గుర్తించే యంత్రంలో) పెద్ద శిఖరంగా వచ్చి పక్కనున్న చిన్నవాటిని మింగేస్తుంది. బ్యాక్టీరియా పెరుగుదలను కూడా అణచేస్తుంది. ఎంత వాడారో రాయండి. ద్రవం ఎర్రగా ఉంటే తప్పనిసరిగా రాయండి. ఎర్ర రక్తకణాల్లో గ్లూటాథయోన్ మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది, కాస్త రక్తం కలిసినా "రక్షణ బాగుంది" అన్న అబద్ధం చెబుతుంది.

2. పలచనను లెక్కకట్టకుండా అంకె ఇవ్వకండి.

పోసిన సెలైన్‌లో అసలు ఊపిరితిత్తి ద్రవం ఎంత కలిసిందో ఒక్కో బిడ్డలో ఒక్కోలా ఉంటుంది. దీనికి యూరియా వాడుతున్నాం. రక్తంలోనూ, నాళాల పైపొర ద్రవంలోనూ యూరియా సమానంగా ఉంటుందన్నది ఆధారం. ఉదాహరణకు ఇద్దరు పిల్లల రక్తంలో యూరియా లీటరుకు 4 మిల్లీమోల్ ఉందనుకోండి. ఒకరి లావేజ్‌లో 0.04, మరొకరిలో 0.08 ఉంటే, మొదటిది 100 రెట్లు, రెండోది 50 రెట్లు పలచబడింది. ఇద్దరి ద్రవంలోనూ మెథియోనిన్ సల్ఫాక్సైడ్ 0.05 మైక్రోమోల్ అని యంత్రం చెప్పినా, అసలు విలువలు 5, 2.5. ఒకే అంకె, రెట్టింపు తేడా. రక్తం యూరియా అదే రోజు తీయకపోతే ఈ లెక్క కట్టలేం. సెలైన్ ఎక్కువసేపు లోపల ఉంటే రక్తం నుంచి యూరియా అదనంగా వచ్చి చేరి ఈ లెక్కనే తప్పిస్తుంది. సెకన్లు రాయమన్నది అందుకే.

వీలైనచోట నిష్పత్తులు వాడండి. మెథియోనిన్ సల్ఫాక్సైడ్‌ను మెథియోనిన్‌తో భాగిస్తే పలచన దానంతట అదే కొట్టుకుపోతుంది. కానీ రెండింటి విలువలూ విడిగా కూడా ప్రచురించండి. పై అంకె పెరిగిందో, కింది అంకె తగ్గిందో చదివేవాళ్లకు తెలియాలి.

3. వందల పదార్థాలు కొలిచి, బాగున్న నాలుగింటిని చూపించడం ఆపండి.

400 పదార్థాలను కొలిచి, యాదృచ్ఛికంగా తేలే అవకాశానికి 0.05 గీత పెట్టుకుంటే, అసలు సంబంధమే లేకపోయినా ఇరవై దాకా "ముఖ్యమైనవి"గా తేలతాయి. పిల్లల సంఖ్య చిన్నది, వయసులు వేరు, ఆహారం, జీర్ణానికి వాడే ఎంజైమ్ మాత్రలు, యాంటీబయాటిక్స్ వేరు. ఒక కేంద్రంలో దొరికిన జాబితా మరో కేంద్రంలో సగం కూడా నిలబడకపోవడానికి ఇదే కారణం. యంత్రం నిలకడగా ఉందో లేదో చూడటానికి, నమూనాలన్నీ కలిపిన మిశ్రమాన్ని వరుస మధ్యలో మళ్లీ మళ్లీ నడపాలి. ఐసోటోప్ గుర్తులున్న ప్రమాణాలు (తెలిసిన మోతాదులో కలిపే పోలిక పదార్థాలు) వాడాలి. జబ్బు ఎక్కువున్న పిల్లల నమూనాలన్నీ ఒకరోజు, తక్కువున్నవి మరోరోజు నడపకూడదు. పైసా ఖర్చు లేని ఈ చివరి జాగ్రత్తే ఎక్కువగా తప్పుతోంది. నిధులిచ్చే సంస్థలకు మా మాట: ఇక మీదట రెండో కేంద్రంలో సరిచూడని జాబితాకు డబ్బు ఇవ్వకండి.

4. గుర్తు తగ్గితే జబ్బు తగ్గినట్టు కాదు. ఈ మాట తల్లిదండ్రులకు చెప్పండి.

కాంబాట్ సీఎఫ్ అనే మందు పరీక్షలో మూడో నెల నుంచి మూడేళ్ల దాకా వారానికి మూడుసార్లు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. 2022లో ఫలితాలు వచ్చాయి. నాళాల్లో వాపు గుర్తులు తగ్గాయి, ఆసుపత్రిలో గడిపిన రోజులు కూడా తగ్గాయి. బ్రాంకియెక్టాసిస్ విస్తృతి మాత్రం తగ్గలేదు. ఎలాస్టేజ్ అంకె కిందికి దిగిందని సంబరపడి మందు ఆపడమో, పెరిగిందని వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టడమో రెండూ తొందరపాటే. ఇవి నేటికి పరిశోధనలో, మందుల పరీక్షల్లో వాడదగ్గ కొలతలు. మంచం పక్కన మందు రాయడానికి కాదు.

కాబట్టే, ఊపిరితో గానీ మూత్రంతో గానీ "ఊపిరితిత్తి జబ్బును ముందే పసిగడతాం" అంటూ కంగారులో ఉన్న కుటుంబాలకు పరీక్షలు అమ్మనివ్వకండి. వాళ్ల కంగారు నిజం, చేతిలో పెట్టే కాగితం మాత్రం కాదు.

5. "లావేజ్ వల్ల ఉపయోగం లేదని ఎప్పుడో తేలిపోయింది" అనేవారికి.

2011లో వచ్చిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పరీక్షను చూపిస్తారు. లావేజ్ కల్చర్‌ను బట్టి వైద్యం చేసిన పిల్లల్లో ఐదేళ్లకు సూడోమోనాస్ (ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేసే బ్యాక్టీరియా) గానీ సీటీ దెబ్బ గానీ తగ్గలేదు, నిజమే. ఆ పరీక్ష అడిగిన ప్రశ్న, బ్యాక్టీరియాను లావేజ్‌తో వెతికితే మేలా అని. వాపు రసాయనాలను చూసి వైద్యం మారిస్తే ఏమవుతుందని అది అడగలేదు. లేని ప్రశ్నకు ఆ జవాబును అంటగట్టకండి. లావేజ్ ఇంకా ఎక్కువ మందికి చేయమని కూడా మేము అడగడం లేదు. వైద్య అవసరం కోసం ఎలాగూ చేస్తున్నప్పుడు పారబోయవద్దంటున్నాం.

6. మత్తు అక్కరలేని దారుల మీద నిజాయితీగా డబ్బు పెట్టండి.

ఊపిరిని చల్లబరిచి తీసే ద్రవం దాదాపు మొత్తం నీరే. అందులోకి వచ్చే నాళాల తుంపరలు వేల రెట్లు పలచబడతాయి, ఉమ్మి కలిసిందో లేదో అమైలేజ్ (ఉమ్మిలోని ఎంజైమ్) కొలిచి చూడకపోతే కొలిచింది నోటినే. ఊపిరిలోని ఆవిరి పదార్థాలకైతే గది గాలే శత్రువు. వార్డులో చేతులు శుభ్రం చేసుకునే ఆల్కహాల్ ప్రతి నమూనాలోనూ కనిపిస్తుంది, పరగడుపున ఉన్న బిడ్డ ఊపిరిలో అసిటోన్ పెరుగుతుంది. గది గాలి నమూనా పక్కనే తీయని పరీక్షకు విలువ లేదు. మూత్రంలో ఆక్సీకరణ గుర్తులు కొలవడం సులువే. కానీ మూత్రం పలచనను సరిచేయడానికి క్రియాటినిన్‌తో (కండ నుంచి వచ్చే వ్యర్థంతో) భాగించేటప్పుడు, బక్కచిక్కిన పిల్లల్లో కండ తక్కువ కాబట్టి విలువ ఉత్తినే పెరిగినట్టు కనిపిస్తుంది. ఈ జబ్బులో బక్కచిక్కడం అరుదేమీ కాదు.

మత్తు లేకుండా ఇప్పటికే పనికొచ్చేది మల్టిపుల్ బ్రెత్ వాషౌట్. లోపలి సూచక వాయువు మొదటి గాఢతలో నలభయ్యో వంతుకు తగ్గడానికి ఊపిరితిత్తి ఎన్నిసార్లు గాలి మార్చుకోవాలో అది లెక్కిస్తుంది. బడికి వెళ్లని వయసులోనే చేయవచ్చు. మాస్కు అంచున గాలి కారితే మాత్రం మొత్తం వృథా, ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. 7 శాతం ఉప్పు ద్రావణాన్ని పీల్పించడం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు మేలు చేస్తుందని బయటపడింది ఈ కొలతతోనే, ఆ తర్వాత సీటీతో కూడా. రసాయన గుర్తులను ఈ రెండింటి పక్కన పెట్టి, ఒకే బిడ్డలో, ఏటా చూడాలి.

7. కొత్త మందులు వచ్చాయి కదా అని ఊరుకోకండి.

సీఎఫ్‌టీఆర్ ప్రోటీన్‌ను పనిచేయించే మందు ఇవాకాఫ్టర్‌ను నెల వయసు నుంచి, అది కూడా ఉన్న మూడు మందుల కలయికను రెండేళ్ల నుంచి వాడటానికి 2023లో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతించింది. మంచిదే. కానీ మందు వేసుకున్న పిల్లల్లో కఫం రాదు, ఎఫ్‌ఈవీ1 మొదటి నుంచీ నార్మలే. మందు పసి ఊపిరితిత్తిలో ఎంత పనిచేస్తోందో చూసే కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. గొంతు స్వాబ్ కింది నాళాల సంగతి సరిగా చెప్పదు. మందుకు లొంగని జన్యు మార్పులున్న పిల్లలకు, మందే అందని పిల్లలకు ఈ కొలతలు మరింత కావాలి. మందు మొదలుపెట్టే ముందు ఒక నమూనా తీసి దాచండి. మొదలుపెట్టాక ఆ అవకాశం మళ్లీ రాదు.

8. తల్లిదండ్రుల అనుమతి పత్రం మార్చండి.

మిగిలిన ద్రవం ఎక్కడ, ఎన్నేళ్లు ఉంటుంది, ఎవరు వాడతారు, ఫలితం వారికి చెబుతారా లేదా అన్నవి వాళ్ల భాషలో, ఒక పేజీలో ఉండాలి. చెప్పబోమంటే ఎందుకు చెప్పబోరో కూడా రాయండి. రోజూ పొద్దున, సాయంత్రం బిడ్డ వీపు తడుతూ, నెబ్యులైజర్ కడుగుతూ బతికే వాళ్లకు ఆపాటి గౌరవం ఇవ్వాలి.

పై ఎనిమిది అంశాల్లో ఏది ఒప్పుకుంటారో, ఏది కాదంటారో, కాదంటే కారణమేమిటో అంశాలవారీగా రాతపూర్వకంగా తెలపండి. మొదటి అంశానికి కొత్త యంత్రం అక్కరలేదు. ఒక ఫారం, ఐసు డబ్బా, సరైన ట్యూబులు, పది నిమిషాలు ఆగే ఒక మనిషి చాలు. దానికి 30 రోజులు గడువు కోరుతున్నాం. మిగతావాటికి 90 రోజులు. నమూనా ఫారం, ట్యూబుల పట్టిక మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, అడిగిన కేంద్రానికి ఉచితంగా పంపుతాం, వచ్చి నేర్పమంటే నేర్పుతాం.

ఇట్లు,
పిల్లల శ్వాసకోశ నమూనాలపై పనిచేసే ప్రయోగశాల సిబ్బంది, జీవరసాయన శాస్త్రవేత్తలు, శ్వాస ఫిజియోథెరపిస్టులు